పుష్కరాల్లో పుట్టిన పిల్ల

పోయినవారం కథ ఎక్కడ ఆగిందో ఒక్కసారి తలుచుకుని ముందుకు పోదాం. రెండువేల పదమూడు, మార్చి నెల. నేపర్‌విల్‌లో ఇంకా మంచు కరగలేదు. కొవ్వూరులో ఒకటో తరగతి మధ్యలో ఆపేసి, ఒక్క ఇంగ్లీషు ముక్క రాకుండా అమ్మ వెంట అమెరికా వచ్చిన జాహ్నవి, బళ్లో ఎవరూ మాట్లాడించకపోతే బంతి వెంట పడింది. పడి పడి, మోకాళ్లు చెక్కుకుని, ఒక పన్ను పోగొట్టుకుని, ఇప్పుడు అమెరికా ఆడవాళ్ల ఫుట్‌బాల్ జాతీయ జట్టులోకి పిలుపందుకుంది. ఆ పిల్ల డిఫెండరు. గోలు కొట్టే పని కాదు, అవతలివాళ్లని కొట్టనివ్వకుండా వెనక నిలబడే పని. కిందటేడు ఇరవై ఏళ్లలోపు పిల్లల జట్టుకి కెప్టెనుగా కప్పు కూడా తెచ్చింది. శనివారం పెద్ద జట్టులో మొదటి ఆట. రేపు పొద్దున్నే విమానం. ఆ సంబరం మీద ఇంటర్వ్యూకని ఉషా అనే విలేకరి అమ్మాయి వచ్చి, అందరితోనూ మాట్లాడేసి, చివరికి ఫోన్‌లో రికార్డింగు పెట్టి, కొవ్వూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన అమ్మమ్మ కృష్ణకుమారి ఎదుట కూర్చుంది. అక్కడే కదా ఆగాం!

"అమ్మమ్మగారు, జాహ్నవి గురించి ఒక స్టోరీ చెప్పండి. ఎవరికీ తెలియనిది," అంది ఉషా. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు వచ్చుగాని, ప్రతి మాటా ఒకసారి నోట్లో తిప్పుకుని బయటికి పంపిస్తుంది.

కృష్ణకుమారి శాలువా సర్దుకుంది. ఆవిడకి చదువు మూడో తరగతితో సరి. అయితేనేం, ఎవరి పెళ్లిలో ఏ కూర మాడిందో, ఏ తుఫానుకి ఎవరి పాక ఎగిరిందో, ఏ పిల్లకి ఏ వారం చెవులు కుట్టించారో అడిగితే తడుముకోకుండా చెబుతుంది. ఊళ్లో పొలం తగాదాలకి కూడా పెద్దమనుషులు వచ్చి ఆవిడనే అడిగేవారు. కథ చెప్పమంటే ఇంక ఆగుతుందా!

"చెబుతా వినమ్మా. ఇది పుట్టింది గోదారి పుష్కరాల్లో. మూడో రోజు. కొవ్వూరంతా తలకాయలే, ఇసకేస్తే రాలదు. బండి అన్నది ఊళ్లోకి రానిస్తేనా పోలీసులు! తెల్లారకుండానే మా విజయకి నొప్పులొచ్చాయి. రిక్షా లేదు, ఆటో లేదు. అంతలో మునిసిపాలిటీ ట్రాక్టరొకటి వస్తోంది, దాన్నిండా బ్లీచింగు పౌడరు బస్తాలు. ఘాట్ల దగ్గర చల్లడానికి. నేను రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయాను. తప్పుకోండమ్మా అంటాడు డ్రైవరు. తప్పుకోను, ఎక్కించుకుంటావా, నా మీంచి పోతావా అన్నాను."

"అయితే ఫస్ట్ డిఫెండర్ మీరే!" ఉషా నవ్వింది.

"మరేవిటనుకున్నావ్! ఆ బస్తాల మీదే దుప్పటి పరిచి పడుకోబెట్టాం. నర్సింగ్ హోమ్‌కి చేరిన గంటలో పిల్ల పుట్టింది. డాక్టరమ్మ దాన్ని నా చేతిలో పెట్టి, ఏవిటండీ మీ మనవరాలు బ్లీచింగు వాసనొస్తోంది అంది. పుష్కరాల్లో పుట్టింది కదా, మా ఆయన నది పేరే పెట్టాలని జాహ్నవి అని పెట్టారు."

"సో క్యూట్! పుష్కరాలంటే ఎవ్రీ ఇయర్ వస్తాయా?"

"ప్రతి ఏడూ ఎందుకొస్తాయే తల్లీ! పన్నెండేళ్లకోసారి."

ఉషా రాసేదేదైనా సరిచూసుకోకుండా రాయదు. చేతిలోని చిన్న కంప్యూటరులో ఏదో కొట్టి చూసింది. నవ్వుతున్న పిల్ల నవ్వు ఆపేసింది.

"గోదావరి పుష్కరాలు... ఆగస్ట్, నైంటీన్ నైంటీవన్ అని ఉంది. జాహ్నవి నైంటీటూ కదా? జూన్?"

వంటింట్లో నారింజపళ్లు కోస్తున్న విజయశ్రీ చాకు పట్టుకునే బయటికి వచ్చేసింది. వచ్చి, తల్లి ఎదుట నిలబడి, "అవి కృష్ణా పుష్కరాలమ్మా. తొంభై రెండులో వచ్చాయి కదా. నువ్వు మర్చిపోయావ్," అంది.

కూతురి ముఖంలో రక్తం లేదు. కళ్లతో కాళ్లమీద పడుతోంది. కృష్ణకుమారి అదేమీ చూడలేదు. ఆవిడ చెవిన పడింది ఒక్కటే మాట. మర్చిపోయావ్.

"నేనా? నేను మర్చిపోయానా? కొవ్వూరు కృష్ణ ఒడ్డునుందిటే? కన్నదానివి నువ్వు, నీకు గుర్తులేకపోతే సరి, నాకు గుర్తులేకపోవడమేవిటి! శ్రావణ శుద్ధ షష్ఠి. శ్రావణ శుక్రవారం కూడాను. వాయనాలు అందుకోవాల్సినదాన్ని, నర్సింగ్ హోమ్ మెట్ల మీద కూర్చున్నాను. జూను అంటావా, అది బడి పుట్టినరోజు. బడి పుట్టినరోజు అందరికీ ఉంటుంది. మా ఆయనకీ ఉంది. నీకు తెలీదుగానమ్మా ఉషా, మీ నాన్నకీ ఉండే ఉంటుంది, అడుగు!"

"బడి పుట్టినరోజా? అంటే?"

"అమ్మమ్మా."

ఆ పిలుపు బేస్‌మెంటు మెట్ల దగ్గర్నుంచి వచ్చింది. జాహ్నవి. వ్యాయామం ముగించుకుని, మోకాలికి ఐసు సంచీ కట్టుకుని పైకి వచ్చినట్టుంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఐదడుగుల పది అంగుళాల పిల్ల, గోడ పట్టుకుని నిలబడింది.

"అమ్మమ్మా, మళ్లీ చెప్పు."

"ఏవిటి చెప్పేది? పుష్కరాల్లో పుట్టావనా? నీకు వెయ్యిసార్లు చెప్పానే!"

"ఇయర్ ఎప్పుడూ చెప్పలేదు నువ్వు. ఎవ్రీ ఆగస్ట్ నువ్వు కాల్ చేస్తావు కదా, హ్యాపీ బర్త్‌డే అని. అది తెలుగు క్యాలెండర్ బర్త్‌డే అంది మామ్. జూన్ బర్త్‌డే, ఆగస్ట్ బర్త్‌డే, రెండూ సేమ్ డే అనుకున్నా నేను! టూ క్యాలెండర్స్ అనుకున్నా! నువ్వు ట్వంటీవన్ అంటావు, నేను ట్వంటీ అంటాను. అమ్మమ్మ నడుస్తున్న ఏడు లెక్క వేస్తుందిలే అంది మామ్. అది కూడా నమ్మాను."

ఉషా రికార్డింగు ఆపేసింది. ఫోను బోర్లా పెట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. గది అంతా ఒక్కసారి చల్లబడ్డట్టయింది కృష్ణకుమారికి. తను చెప్పింది మంచి కథే కదా! పిల్ల పుట్టుక కథ చెబితే ఇంట్లో మనుషులిలా అయిపోతారేమిటి?

"ఏవైందే? నేనేమన్నానని?"

ఉషాయే, మెల్లిగా, విడమర్చి చెప్పింది. "అమ్మమ్మగారు, లాస్ట్ ఇయర్ కప్‌కి ఒక రూల్ ఉంది. నైంటీటూ జనవరి ఫస్ట్ నుంచి పుట్టినవాళ్లే ఆడాలి. దానికి ముందు పుట్టినవాళ్లు ఆడకూడదు."

కృష్ణకుమారి వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంది. శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం, కార్తీకం, మార్గశిరం. "నాలుగున్నర నెలలేగా తేడా," అంది. అన్నాక, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నాలుగున్నర నెలలే," అంది జాహ్నవి. "ఆడకూడదు, ఆడేశాను. క్యాప్టెన్‌గా ఆడాను. తెలిస్తే కప్ వెనక్కి తీసుకుంటారు అమ్మమ్మా. నా ఒక్కదాని మెడల్ కాదు. ట్వంటీవన్ మంది మెడల్స్. నాకు బ్యాన్. శాటర్డే ఉండదు. ఇంకెప్పుడైనా ఉంటుందో లేదో తెలీదు."

ఇంకా నెమ్మదిగా అంది. "సెకండ్ గ్రేడ్ నుంచి ఏమనేవారో తెలుసా నన్ను? వయసుకి ఎంత పొడుగో చూడు, ఎంత స్ట్రాంగో చూడు, నాచురల్ డిఫెండర్ అని. అది టాలెంట్ అనుకున్నాను. కాదు. నేను అందరికన్నా టెన్ మంత్స్ పెద్ద. అంతే."

ఆ మాటకి విజయశ్రీ చాకు బల్లమీద పెట్టి కుర్చీలో కూలబడింది. పదిహేనేళ్లు ఆ పిల్లని వ్యాన్‌లో ఎక్కించుకుని, వెనక పులిహోర డబ్బా, నారింజ ముక్కల డబ్బా పెట్టుకుని, వానలో, మంచులో, ఆరేసి గంటలు డ్రైవ్ చేసి ఆటలకి తిప్పిన మనిషి.

"టాలెంటే నీది. పిచ్చి మాటలు మాట్లాడకు," అంది.

"మామ్, నీకు తెలుసా?"

"తెలుసు."

"డాడ్‌కి?"

"తెలుసు. పుష్కరాల హడావుడిలో నీ పుట్టుక మేమే ఎక్కడా రాయించుకోలేదు. పాస్‌పోర్టుకి సర్టిఫికెట్ కావాల్సొస్తే స్కూల్ డేట్‌తోనే తీయించాం. అప్పట్లో అందరూ అదే చేసేవారు. ఇంక తర్వాత వీసా, గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్, అన్నీ ఆ డేట్ మీదే. ఎక్కడ కదిపితే ఏం ఊడుతుందోనని నోరెత్తలేదు. పోను పోను అదే నిజం అనిపించిందే."

"కప్ అప్పుడు రూల్ చూడలేదా?"

"చూడలేదు," అంది విజయశ్రీ. కూతురి కళ్లలోకి చూసింది. చూడలేక తల దించుకుంది. "చూశాను. నువ్వు సెలెక్ట్ అయ్యాక చూశాను."

సరిగ్గా అప్పుడే గరాజు తలుపు తెరుచుకుంది. కృష్ణకుమారి భర్త బ్రహ్మయ్యగారు మంకీ క్యాపు, అల్లుడి పాత కోటు, బూట్ల నిండా మంచుతో లోపలికి వచ్చారు. వీధి చివరి దాకా రోజుకి ఎనిమిది రౌండ్లు నడుస్తారు. ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా చేసి, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. హాజరు పట్టీలో ఒక్క కొట్టివేత ఉండేది కాదని జిల్లాలో పేరు.

ఆయన్ని చూడగానే కృష్ణకుమారికి కోపానికి దారి దొరికింది.

"రండి హెడ్మాస్టారూ, రండి! మీ చేతిరాత ఎంత పని చేసిందో చూద్దురుగాని. పిల్ల బతుకు నడిరోడ్డున పడింది. తొంభై ఒకటిలో పుట్టినదాన్ని తొంభై రెండు అని రాయడానికి మీకు చెయ్యెలా వచ్చిందండీ? పక్కింటివాళ్ల పిల్లాడు ఆలస్యంగా వచ్చి టైముకొచ్చానంటే గోడకుర్చీ వేయించారే! నిజం, నిజం అని నా ప్రాణం తోడేశారే నలభై ఎనిమిదేళ్లు! సొంత మనవరాలి దగ్గరికొచ్చేసరికి ఏమైంది ఆ నిజం?"

బ్రహ్మయ్యగారు టోపీ తీశారు. ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వచ్చి, జాహ్నవి దగ్గర ఆగారు. అడగకుండానే అర్థమైపోయింది. బూట్లు విప్పకుండానే సోఫా అంచున కూర్చున్నారు. కార్పెట్ మీద మంచు కరిగి మరకవుతోంది.

"రాసింది నేనేనమ్మా," అన్నారు మనవరాలితో. "నా ఉద్యోగంలో రాసిన ఒకే ఒక్క అబద్ధం."

"ఎందుకు తాతయ్యా?"

ఆయన చేతిలోని టోపీని మడతలు పెడుతూ కూర్చున్నారు.

"అడుగుతోంది కదా, చెప్పరేం?" కృష్ణకుమారి గద్దించింది. "ఎవరి మెప్పు కోసం రాశారో చెప్పండి!"

"నువ్వు రాయమన్నావు కుమారీ."

"నేనా?"

"నువ్వే."

కృష్ణకుమారి నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఎంత మాటన్నారండీ! నేనా రాయమన్నది? నేను మర్చిపోయే మనిషినా? ఎప్పుడన్నాను? ఎక్కడన్నాను? చెప్పండి!"

"విజయ టీచరు పోస్టుకి దరఖాస్తు పెడితే వయసు దాటిందని తిప్పి పంపారు. పంతొమ్మిది రోజులు దాటింది. గుర్తుందా?"

"అది గుర్తులేకపోవడమేవిటి!"

"దాని పుట్టినతేదీ నేను ఉన్నదున్నట్టు రాశాను. ఊళ్లో పంతుళ్లందరూ పిల్లలకి ఏడాది తగ్గించి రాస్తుంటే నేను రాయలేదు. ఆ కాగితం వచ్చిన రోజు నువ్వు నన్నేమన్నావో చెప్పనా? మీ నిజాయితీ నా కూతురి ఉద్యోగం మింగేసింది అన్నావు. జాహ్నవిని బళ్లో వేసే ముందు వారం రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. ఎనిమిదో రోజు రిజిస్టరు ఇంటికి తెచ్చాను. నువ్వే లాంతరు తుడిచి పక్కన పెట్టావు, కరెంటు లేదని. దీనికైనా ఒక ఏడాది మిగల్చండి, రేపు ఉద్యోగానికి పనికొస్తుంది అన్నావు. నేను రాస్తుంటే చూశావు."

"అబద్ధం," అంది కృష్ణకుమారి. కూతురి వైపు తిరిగింది. "చెప్పవే! మీ నాన్న నా మీదికి తోసేస్తున్నారు, చెప్పవే!"

విజయశ్రీ కళ్లు తుడుచుకుంది. "అవునమ్మా. నేనక్కడే ఉన్నాను. నువ్వే అన్నావు."

కృష్ణకుమారి వెతుక్కుంది. డెబ్భై ఏళ్ల బతుకంతా తాళాలు తీసిన గదుల్లా ఆవిడకి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. తొంభై ఏడు, జూన్ నెల. మామిడిపళ్లు ముగుస్తున్నాయి. పక్కవాళ్ల గేదె ఈనింది. జాహ్నవికి నీలంరంగు గౌను, బడికి కొత్త పలక. అన్నీ ఉన్నాయి. లాంతరు లేదు. రిజిస్టరు లేదు. ఆ మాట లేదు. అక్కడ ఏదో ఎవరో కోసుకుపోయినట్టు ఖాళీ. ఎంత తడిమినా ఖాళీయే. మొట్టమొదటిసారి ఆవిడకి తన బుర్ర అంటే తనకే భయమేసింది. మొగుడు అబద్ధమాడడు. కూతురు అబద్ధమాడదు. మరి తనకి గుర్తులేనివి ఇంకా ఎన్ని ఉన్నాయో!

మనవరాలిని ముంచిన తేదీ తన నోట్లోంచి వచ్చింది. ఇవాళ మళ్లీ ముంచిన తేదీ కూడా తన నోట్లోంచే వచ్చింది.

చటుక్కున లేచి ఉషా దగ్గరికి వెళ్లి, ఆ పిల్ల రెండు చేతులూ పట్టేసుకుంది.

"అమ్మా ఉషా, నీకు పుణ్యముంటుంది. ఇలా రాయి. అమ్మమ్మకి మతి పోయింది అని రాయి. గోదారి పుష్కరాలకీ కృష్ణా పుష్కరాలకీ తేడా తెలీదు, ఏ రోజు ఏం తిందో కూడా గుర్తుండదు, అన్నీ కలిపేసి వాగింది అని రాయి. నిజమే కదా! ఇప్పుడే చూశావు కదా, నేను చెప్పిన మాటే నాకు గుర్తులేదు. ముసల్ది, వెర్రిది అని రాసెయ్యమ్మా. నా పేరు కూడా వేసెయ్యి."

మర్చిపోయావన్న ఒక్క మాటకే ఇందాక ఆ ఇంట్లో ఇంత జరిగింది. ఇప్పుడు ఆ మాటని తనే తన ముఖాన రాసుకుంటానంటోంది. బ్రహ్మయ్యగారు ముఖం పక్కకి తిప్పుకున్నారు.

ఉషా చేతులు విడిపించుకోలేదు. "అమ్మమ్మగారు, రికార్డింగ్ డిలీట్ చేయగలను. కానీ నేను విన్నాను. వినలేదని ఎలా అనుకోను? నేను ఏం చేయాలో నాకూ తెలియడం లేదు."

"ఏమీ చేయకు," అంది జాహ్నవి. కుంటుకుంటూ వచ్చి అమ్మమ్మని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "అమ్మమ్మా, నీకేం మతి పోలేదు. నువ్వు చెప్పింది కరెక్ట్. ఈ ఇంట్లో నా గురించి నిజం చెప్పింది నువ్వొక్కదానివే."

"తెలీక చెప్పానే తల్లీ! తెలిస్తే చెబుతానా!"

"నాకు ఇప్పుడు తెలుసు కదా," అంటూ జాహ్నవి జేబులోంచి ఫోను తీసింది.

విజయశ్రీ ఒక్క ఉదుటున లేచింది. "ఎవరికి? జాహ్నవీ, ఎవరికి చేస్తున్నావు? డాడ్‌ని ట్రైన్ దిగి రానీ. లాయర్‌తో మాట్లాడదాం. పాస్‌పోర్ట్ సంగతి కూడా ఉంది, నీకర్థం కావడం లేదు!"

"అర్థమవుతోంది మామ్. రేపు ఫ్లైట్ ఎక్కితే, శాటర్డే ఆ జెర్సీ వేసుకుంటే, అది ఇంక తాతయ్య రాసింది కాదు. నేను రాసింది అవుతుంది."

ఆ మాట విని బ్రహ్మయ్యగారు తలెత్తి మనవరాలిని చూశారు. వద్దనలేదు. విజయశ్రీ ఫోను లాక్కోబోయింది. జాహ్నవి ఒక్క అడుగు పక్కకి వేసి, భుజం అడ్డుపెట్టింది. అంతే, తల్లి చెయ్యి అందలేదు. ఎంతమందిని ఆపిన భుజమో అది!

ఫోను అవతల మోగుతోంది. జాహ్నవి అందరికీ వినబడేలా స్పీకరు నొక్కి బల్లమీద పెట్టేసింది. జాతీయ జట్టు కోచ్ ఎత్తింది. గట్టి గొంతు, నవ్వుతూ మాట్లాడే మనిషి. ఏదో గబగబా చెప్పింది. కృష్ణకుమారికి అర్థం కాక ఉషా వైపు చూసింది. ఉషా ఆవిడ చెవి దగ్గరికి వంగింది.

"ఇంకో డిఫెండర్‌కి కాలు విరిగిందట. శాటర్డే జాహ్నవి బెంచ్ మీద కాదు, స్టార్టింగ్‌లోనే ఆడుతుందట. రెడీగా ఉండు అంటోంది."

విజయశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

జాహ్నవి కళ్లు మూసుకుంది. బంతి ముఖం మీదికి దూసుకొచ్చినప్పుడు కూడా మూయని కళ్లు. తెరిచింది. ఇంగ్లీషులో, తడబడకుండా, రెండే రెండు వాక్యాలు చెప్పింది. ఉషా వాటిని తెలుగులో చెప్పనక్కర్లేకపోయింది. నైంటీటూ, నైంటీవన్ అన్న మాటలు కృష్ణకుమారికి తెలుసు.

అవతల నవ్వు ఆగిపోయింది. గోడ గడియారం చప్పుడు, బ్రహ్మయ్యగారి బూట్ల నుంచి నీటి చుక్కలు. తిడుతుందేమో, ఫోను పెట్టేస్తుందేమో అని కృష్ణకుమారి బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

కోచ్ తిట్టలేదు. ఫోను పెట్టలేదు. గొంతు బాగా తగ్గించి, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

జాహ్నవి తలెత్తి ఉషాని చూసింది. విజయశ్రీ చూసింది. బ్రహ్మయ్యగారు చూశారు.

"ఏవందే? ఏవడిగిందే అమ్మా?" అంది కృష్ణకుమారి.

ఉషా మళ్లీ ఆవిడ చెవి దగ్గరికి వంగింది.

"ఈ విషయం ఇంట్లోవాళ్లకి కాకుండా బయట ఇంకెవరికి తెలుసు అని అడుగుతోంది, అమ్మమ్మగారు."